లినక్స్ కెర్నెల్ ప్యాచ్‌లు ఇప్పటికీ ఈమెయిల్‌లోనే ఎందుకు వెళ్తాయి?

కోడ్‌ను పంచుకుని సమీక్షించే వెబ్ వేదిక గిట్‌హబ్ 2008 నుంచి ఉన్నా, లినక్స్ కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) ప్యాచ్‌లను, అంటే దాని కోడ్‌లో ప్రతిపాదించే మార్పులను, ఇంకా ఈమెయిల్‌లోనే పంపడానికి ప్రధాన కారణం సమీక్ష జరిగే తీరు. కోడ్ మార్పుల చరిత్రను నమోదు చేసే గిట్ సాధనంలోని ‘గిట్ సెండ్-ఈమెయిల్’ ఆదేశం ఒక్కో కమిట్‌ను (వివరణ సందేశంతో నమోదైన ఒక మార్పును) ఒక్కో మెయిల్‌గా పంపుతుంది. సమీక్షకులు అందులోని కోడ్ వరుస కిందనే తమ అభ్యంతరం రాస్తారు, కమిట్ సందేశంలో అస్పష్టంగా ఉన్న వాక్యాన్ని కూడా అలాగే ప్రశ్నిస్తారు. ఇది నా దృష్టిలో ఎంతో విలువైన అలవాటు, ఎందుకంటే గిట్‌హబ్ లాంటి వేదికల్లో మార్పులను చేర్చుకోమని కోరే పుల్ రిక్వెస్ట్ పేజీలో చూపంతా మొత్తం మార్పు మీదే నిలిచి, విడివిడి కమిట్‌ల సందేశాలు తరచుగా మరుగున పడతాయి. పైగా ఒకే ప్యాచ్‌ను కెర్నెల్‌లోని రెండు మూడు ఉపవ్యవస్థల (విభాగాల) నిర్వాహకులకు ఒకేసారి పంపవచ్చు. అయితే కొత్తవారి ఇబ్బంది నిజమైనదే: మెయిల్ ప్రోగ్రామ్ ట్యాబ్‌లను ఖాళీలుగా మార్చినా, పొడవైన వరుసను విరిచినా ప్యాచ్ పనిచేయదు. చిన్న ప్రాజెక్టుకైతే, పరీక్షలు వాటంతటవే నడిచి ఫలితం మార్పు పక్కనే కనిపించే వెబ్ వేదికనే నేను సూచిస్తాను.