డ్రాగన్ బాల్ అనిమేలో విలన్‌ను చంపేయమని, కోరికలు తీర్చే డ్రాగన్ షెన్‌రాన్‌నే ఎందుకు అడగరు?

అడిగినా పని జరగదు. ఏడు మాయా బంతులు (డ్రాగన్ బాల్స్) ఒకచోట చేరిస్తే వచ్చే షెన్‌రాన్ శక్తి, ఆ బంతులను తయారుచేసినవాడి శక్తిని దాటదు. భూమి మీది బంతులను మొదట చేసింది భూమికి కాపలా దేవుడైన కామి, ఆయన నామెక్ గ్రహపు జాతివాడు. వెజీటా, ఫ్రీజా లాంటి విలన్లు ఆయనకు అందనంత బలవంతులు, కాబట్టి వాళ్ల మీద ఆ కోరిక పారదు. సెల్ అనే విలన్ కథ చివర్లో కూడా ఇది చక్కగా కనిపిస్తుంది, అప్పటికి బంతులు డెండే అనే మరో నామెక్ జాతివాడు చేసినవైనా. 17, 18 అనే ఆండ్రాయిడ్లను మామూలు మనుషుల్ని చేయమని హీరో గోకు స్నేహితుడు క్రిలిన్ అడిగితే షెన్‌రాన్ తన వల్ల కాదంటాడు, వాళ్ల ఒంట్లోని బాంబులు తీసేయమంటే మాత్రం తీసేస్తాడు. 18 మీద క్రిలిన్‌కున్న ఇష్టం తెలిసేది కూడా అక్కడే. నాకు చాలా ఇష్టమైన సీన్ అది.

ఇంకొన్ని పరిమితులున్నాయి. షెన్‌రాన్ ఒకే మనిషిని రెండోసారి బతికించలేడు, సహజంగా చనిపోయినవాళ్లను అసలే బతికించలేడు. కోరిక తీరాక బంతులు రాళ్లుగా మారి చెల్లాచెదురై, ఏడాదిపాటు పనిచేయవు. తయారుచేసినవాడు చనిపోతే వాటి శక్తి కూడా పోతుంది. పికోలో (ఇతనూ నామెక్ జాతివాడే), కామిల ప్రాణాలు ముడిపడి ఉండటంతో, పికోలో చనిపోగానే భూమి బంతులు పోయాయి. అందుకే అక్కడి బంతుల కోసం అందరూ నామెక్‌కు పరుగు తీశారు.

అక్కడి డ్రాగన్ పొరుంగా మూడు కోరికలు తీరుస్తాడు, ఒకే మనిషిని మళ్లీ మళ్లీ బతికించగలడు. కానీ నామెక్ భాషలోనే అడగాలి. హద్దులే లేనివి కావాలంటే 'డ్రాగన్ బాల్ సూపర్' సిరీస్‌లో వచ్చే, గ్రహాలంత పెద్ద బంతులే దిక్కు.