కాల్ స్టాక్ వెంట పడిన అబ్బాయిని ఏఐ కోర్సులో చేర్పించాలా?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. మా అబ్బాయి భీమవరంలో బీటెక్ కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం చదువుతున్నాడు. తోటివాళ్ళంతా ఏఐ కోర్సుల్లో చేరుతుంటే, వీడు మాత్రం సీ భాషలో కాల్ స్టాక్ అనీ, రిజిస్టర్లు అనీ పది రోజులుగా ఒకే ప్రోగ్రాము ముందు కూర్చున్నాడు. అదీ సగంలో ఆగిపోతోందట. హైదరాబాదులో లక్షన్నర కట్టి ఏఐ కోర్సులో చేర్పిస్తామంటే వద్దంటున్నాడు. ఈ పాత చదువుకు ఉద్యోగం వస్తుందా? రెండింటినీ పోల్చి చెప్పండి.
– ఒక తల్లి

జవాబు: అమ్మా, ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. కోర్సు పేరు మారుతుంది గానీ, ‘అందరి పిల్లలూ ముందుకు వెళ్ళిపోతున్నారు, మావాడు వెనకబడిపోతాడేమో’ అన్న భయం ఏటా అదే. గేట్, క్యాంపస్ పరీక్షల సంగతి మీవాడికే తెలిసి ఉంటుంది కనుక ఆ జోలికి పోను.

ముందు మీ అబ్బాయి చేస్తున్న పని ఏమిటో చూడండి. శివారు చేనుకు నీరు అందనప్పుడు మీ ఊరి రైతు ఏం చేస్తాడు? బోదె గట్టు పట్టుకుని పిల్లకాలువకు, అక్కడి నుంచి పెద్దకాలువకు, ఎగువకు నడుస్తూ అడ్డు ఎక్కడ పడిందో వెతుకుతాడు. అలా నడుస్తూ పోతే చివరికి విజ్జేశ్వరం హెడ్ స్లూయిస్ దగ్గర తేలుతాడు. మీ అబ్బాయి ప్రోగ్రాములో ఎగువకు నడుస్తున్నాడు. ఒక ఫంక్షన్ (ప్రోగ్రాములో ఒక్కో పని చేసే ముక్క) మరొక ఫంక్షన్‌ను పిలిచినప్పుడల్లా, పని ముగిశాక ఎక్కడికి తిరిగి రావాలో ఆ చిరునామా స్టాక్ అనే మెమరీ భాగంలో నమోదవుతుంది. ఆ పిలుపుల వరుసే కాల్ స్టాక్. మన ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా ఉండే 64 బిట్ల ఇంటెల్, ఏఎమ్‌డీ ప్రాసెసర్లలో 16 సాధారణ రిజిస్టర్లు, అంటే ప్రాసెసరు లోపలే ఉండే చిన్న నిల్వ గదులు, ఉన్నాయి. వాటిలో ఆర్‌బీపీ అనే రిజిస్టరును ఫ్రేమ్ పాయింటరుగా, అంటే స్టాక్‌లో ప్రస్తుత ఫంక్షన్ చోటును చూపే గుర్తుగా వాడినప్పుడు, అది చూపే చోట పిలిచిన ఫంక్షన్ తాలూకు పాత ఆర్‌బీపీ విలువ, దానికి 8 బైట్ల పైన తిరుగు చిరునామా ఉంటాయి. ఆ పాత విలువను పట్టుకుని మళ్ళీ అలాగే చూసుకుంటూ పోతే ప్రోగ్రాము మొదలయ్యే మెయిన్ ఫంక్షన్ దాకా చేరవచ్చు. ఇందులో చిక్కు ఏమిటంటే, సీ భాష ప్రమాణంలో ఫలానా రిజిస్టరును నేరుగా చదివే మార్గమే లేదు. దానికి సీ మధ్యలోనే ప్రాసెసరు ఆదేశాలు రాసే ఇన్‌లైన్ అసెంబ్లీనో, సీ ప్రోగ్రామును యంత్రభాషలోకి మార్చే జీసీసీ కంపైలరు ప్రత్యేకంగా ఇచ్చే సదుపాయాలనో ఆశ్రయించాలి.

అతని ప్రోగ్రామును నేను చూడలేదు కానీ, ఈ పనికి దిగినవారు తరచూ తడబడే చోటు ఒకటుంది. ప్రోగ్రాము వేగం పెంచే ఓ2 ఆప్టిమైజేషన్‌తో కంపైల్ చేస్తే జీసీసీ సాధారణంగా ఆర్‌బీపీని గుర్తుగా నిలపకుండా మామూలు లెక్కలకు వాడుకుంటుంది, దాంతో గొలుసు తెగిపోతుంది. ఫ్రేమ్ పాయింటరును తొలగించవద్దని కంపైలరుకు చెప్పి మళ్ళీ ప్రయత్నించమనండి. అప్పటికీ కుదరకపోతే, ప్రోగ్రాము ఫైలులోని ఈహెచ్ ఫ్రేమ్ విభాగంలో ఉండే పట్టికలను చదివి దారి చూపే లిబ్‌అన్‌వైండ్ అనే లైబ్రరీని పరిశీలించమనండి.

దీన్ని మీరు పాత చదువు అన్నారు. సీ భాష 1970ల నాటిదన్న మాట నిజమే. అయితే, పనితీరు కొలిచే పరికరాలు స్టాక్ వెంట వేగంగా నడవగలగాలనే ఉద్దేశంతో 2023లో ఫెడోరా 38, 2024లో ఉబుంటు 24.04 అనే లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లు తమ ప్యాకేజీలను తిరిగి ఫ్రేమ్ పాయింటర్లతో నిర్మించాయి. మీ అబ్బాయి పది రోజులుగా కుస్తీ పడుతున్న విషయం మీదే పెద్ద ఇంజినీర్లు ఇటీవలి దాకా వాదించుకున్నారు.

ఏఐ మీద నాకు ద్వేషం లేదు. గణితం గట్టిగా ఉండి, దాని మీద మనసున్న పిల్లలకు అది మంచి దారి. నా అనుమానమంతా ఆరు నెలల్లో నిపుణుడిని చేస్తామనే కోర్సుల మీద. నిరుడు ఒక అమ్మాయి అలాంటి కోర్సు ధ్రువపత్రాన్ని నా బల్ల మీద పెట్టి, తన ప్రాజెక్టును నడిపి చూపించబోయింది. తెర మీద ‘సెగ్మెంటేషన్ ఫాల్ట్’ (ప్రోగ్రాము తనకు అనుమతి లేని మెమరీని తాకిందన్న హెచ్చరిక) అని పడి ఆగిపోయింది. తెర మీది ఆ విండో మూసి మళ్ళీ తెరిచింది, మళ్ళీ ఆగింది. పైథాన్ కింద సీలో రాసిన లైబ్రరీలు పనిచేస్తుంటాయని, పడిపోయిన చోటును తప్పులు వెతికే డీబగ్గరులో చూడవచ్చని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరగడం నేను చూశాను. తప్పు ఆమెది కాదు.

కోపగించుకోకపోతే ఒక మాట. పక్క చేనులో రొయ్యల చెరువు కలిసొచ్చిందని తమ వరి చేను తవ్వించి, తెల్లమచ్చ తెగులు తగిలిన ఏడాది తల పట్టుకున్నవాళ్ళు మీ చుట్టుపక్కలే ఉంటారు. పిల్లవాడి విషయంలో మీరు చేయబోతున్నదీ అదే. ఇష్టంగా పని చేస్తున్నవాడిని పక్కింటి పిల్లలతో పోల్చి, వద్దన్న కోర్సుకు లక్షన్నర కట్టడం ప్రేమ కాదమ్మా, కంగారు.

మీరు అడిగిన పోలిక క్లుప్తంగా చెబుతాను. మీ అబ్బాయి పట్టుకున్న సిస్టమ్స్ వైపు కొత్తవారికి ఖాళీలు తక్కువ, మొదటి ఉద్యోగం ఆలస్యం కావచ్చు. చిప్‌లు, కంపైలర్లు, డేటాబేస్‌లు, భద్రత, వాహనాల్లోని ఎంబెడెడ్ పనులు ఈ చదువునే అడుగుతాయి. క్వాల్‌కామ్, ఏఎమ్‌డీ వంటి చిప్ సంస్థలకు హైదరాబాదులోనే కేంద్రాలున్నాయి. ఏఐ పేరుతో అవకాశాలు ఎక్కువ కనిపిస్తాయి, వాటికి పోటీ పడేవారూ అంతే ఎక్కువ.

ఆ డబ్బు బ్యాంకులోనే ఉంచండి. ఈ సంక్రాంతి సెలవుల్లోగా ప్రోగ్రామును పూర్తి చేసి, ఎక్కడ ఎందుకు ఆగిందో రెండు పేజీల్లో రాసి, కోడ్‌తో సహా అందరూ చూసేలా పెట్టమనండి. పండక్కి ఇంటికి వచ్చినప్పుడు అతని పక్కన కూర్చుని, తెర మీద ఒక్కొక్క ఫంక్షన్ పేరూ పడుతూ మెయిన్ దాకా ఎలా వెళ్ళిందో మీకు వివరించమని అడగండి.