శంషాబాద్ నుంచి డాలస్ దాకా, ఇద్దరు చిన్నపిల్లలతో

వనపర్తి నుంచి ఐదేళ్ల పాపను, ఏడాదిన్నర బాబును తీసుకుని మీరొక్కరే డాలస్ పోతున్నారు. మధ్యలో దోహాలో ఆరేడు గంటలు ఆగాలి. అంతసేపు పిల్లల్ని ఎట్లా ఆడించాలి, ఏ బొమ్మలు కొనాలి అని అడిగారు. మాది జడ్చర్ల, ఇప్పుడుండేది డాలస్ దగ్గర. వేసవి సెలవుల్లో పిల్లలతో ఊరికొచ్చి పోతుంటాను. మా ఆయనకు సెలవు దొరకదు కాబట్టి ఎక్కువసార్లు నేనొక్కదాన్నే.

బొమ్మల గురించి చెప్తాను గానీ, ముందు దారి లెక్క చూడండి. హైదరాబాద్ నుంచి దోహాకు నాలుగున్నర గంటలు, దోహా నుంచి డాలస్‌కు సుమారు 16 గంటలు. ఆగే సమయం, ఎయిర్‌పోర్టుకు మూడు గంటల ముందు చేరడం, కొత్తకోట దగ్గర హైవే ఎక్కి శంషాబాద్ దాకా కారు ప్రయాణం కలిపితే ముప్పై గంటలు దాటుతుంది. ముప్పై గంటలు పిల్లల్ని ఆడించే బొమ్మ ఎక్కడా అమ్మరు. నేను చూసినంతలో పిల్లలు విమానంలో గొడవ చేసేది ఎక్కువగా నిద్ర చాలకనో, కాళ్లు కదలకనో, ఆకలయ్యో, చెవులు నొచ్చో. ఈ నాలుగూ చూసుకుంటే ఆడించాల్సిన సమయం సగానికి సగం తగ్గిపోతుంది.

అందుకని మీ ప్రయాణం మొదలయ్యేది వనపర్తిలో, బయలుదేరే రోజు మధ్యాహ్నం. గల్ఫ్ విమానాలు చాలావరకు తెల్లవారుజామున ఉంటాయి. మన దగ్గర ఏం జరుగుతుందో మీకు తెలుసు. సాయంత్రానికి చుట్టాలంతా వస్తారు, పిల్లల్ని ఒకరి చేతిలోంచి ఒకరు తీసుకుంటారు, ఏడుపులు, ఫోటోలు, ఇంకో ముద్ద తినిపించడాలు. తర్వాత రెండు బండ్లలో అందరూ శంషాబాద్ దాకా. టికెట్ లేనివాళ్లను టెర్మినల్ లోపలికి పోనివ్వరు కాబట్టి తలుపు బయట మళ్లీ ఇదంతా ఇంకోసారి. చెక్ఇన్ లైన్లో నిలబడేసరికి పిల్లలు మామూలుగా నిద్రపోయే వేళ దాటి నాలుగైదు గంటలు అయిపోతుంది. ఇక మీరు ఏ బొమ్మ ఇచ్చినా విసిరికొడతారు. పెద్దవాళ్లకు కొంచెం కష్టంగా అనిపించినా వీడ్కోళ్లు మధ్యాహ్నమే ఇంటి దగ్గర ముగించమని చెప్పండి. సాయంత్రం స్నానం చేయించి, పెందలాడే అన్నం పెట్టి, నైట్ డ్రెస్ వేసి ఏడింటికి పడుకోబెట్టండి. రాత్రి నిద్రలోనే ఎత్తుకుని కార్లో వేసుకుంటే శంషాబాద్ దాకా లేవరు. దిగబెట్టడానికి సామాను మోసే మనిషి ఒక్కరు చాలు. మా ఆడపడుచుది నల్లగొండ. చౌటుప్పల్ మీదుగా ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి రావాలి. ఆమె కూడా ఇప్పుడు ఇదే పద్ధతి పాటిస్తోంది, అత్తగారు మొదట అలిగినా సరే.

మొదటి విమానంలో ఆడించే పని పెట్టుకోకండి. అది రాత్రి. లైట్లు ఆర్పేస్తారు. సీట్లో కూర్చోగానే పాప ఎదురుగా ఉన్న టీవీ కోసం చెయ్యి చాపుతుంది. "ఇది పడుకునే విమానం, టీవీ విమానం తర్వాత వస్తుంది" అని ఇంటి దగ్గరే రెండు మూడుసార్లు చెప్పి ఉంచండి. ఐదేళ్ల పిల్లకు ముందే చెప్పిన నియమం నచ్చకపోయినా ఒప్పుకుంటుంది. అక్కడికక్కడ చెప్తే ఒప్పుకోదు.

దోహా సంగతి వేరు. ఆరేడు గంటలు అని మీరు టెన్షన్ పడుతున్నారు గానీ, చిన్నపిల్లలతో గంటన్నర తేడాలో పరుగెత్తే కనెక్షన్ కంటే ఇది ఎంతో నయం. కాళ్లకు పని చెప్పే సమయమంతా ఇక్కడే ఉంది. దిగగానే ముందు బాత్రూం, మొహాలు కడగడం, బట్టలు మార్చడం. హమద్ విమానాశ్రయం మధ్యలో నెత్తిమీద దీపంతో పెద్ద పసుపు ఎలుగుబంటి బొమ్మ ఉంటుంది, దాదాపు 23 అడుగుల ఎత్తు. అది ఎక్కే బొమ్మ కాదు, కానీ పిల్లలు దాని చుట్టూ తిరిగి నోరెళ్లబెట్టి చూస్తారు. ఎక్కి దిగడానికి వేరే చోట్ల కంచు బొమ్మలతో కట్టిన ఆట స్థలాలు ఉన్నాయి. మా వాళ్లు ఎక్కువసేపు ఉండేది అక్కడే. టెర్మినల్ లోపలే ఒక కొస నుంచి ఇంకో కొసకు చిన్న రైలు నడుస్తుంది, టికెట్ లేదు. అటు ఒకసారి, ఇటు ఒకసారి ఎక్కించండి, మీకు కూర్చున్నట్టూ ఉంటుంది. 2022లో తెరిచిన తోట ఒకటి లోపలే ఉంది, పెద్ద పెద్ద చెట్లతో. ఆ పచ్చదనంలో చిన్నోడిని కిందికి వదిలి నడిపించొచ్చు.

ఇద్దరు పిల్లలతో ఒక్కరే ఉన్నప్పుడు పరుగుపందెం పెట్టలేం, పాప అటు, బాబు ఇటు పోతారు. నేను చేసేది ఏమిటంటే పెద్దదానికి పని అప్పజెప్పడం. "మన గేటు నంబర్ బోర్డు నువ్వే వెతకాలి", "ఎర్ర సూట్‌కేసులు ఎన్ని కనిపిస్తాయో లెక్కపెట్టు", "తోకమీద ఏ బొమ్మ ఉన్న విమానం వచ్చిందో చెప్పు". నంబర్లు చదవడం వచ్చిన పిల్లకు గేటు వెతకడం నిజమైన బాధ్యతలాగా ఉంటుంది, పక్కనే నడుస్తుంది కూడా. చిన్నోడిని స్ట్రోలర్‌లో కాకుండా వీలైనంత నడిపించండి. ఇంతకీ మీ స్ట్రోలర్ దోహాలో విమానం తలుపు దగ్గర ఇస్తారా, నేరుగా డాలస్‌లోనే ఇస్తారా అన్నది శంషాబాద్ కౌంటర్లోనే అడగండి. డాలస్‌లోనే ఇస్తామంటే మాత్రం బాబును ఎత్తుకునే క్యారియర్ ఒకటి చేతి సంచిలో ఉండాలి. లేకపోతే ఆ పొడుగు దారుల్లో పదకొండు కిలోల పిల్లాడు, భుజాన బ్యాగు, చేతిలో పాప.

చివరి రెండు గంటలు ఆటలు ఆపేసి ఏదైనా తినిపించండి. అమెరికా విమానాలకు గేటు దగ్గర మళ్లీ తనిఖీ ఉంటుంది, దానికి టైం పడుతుంది. బాత్రూం పని దానికి ముందే పూర్తి చేసుకుని పొండి.

ఇక 16 గంటల విమానం. పిల్లల ఓపిక ఎక్కువగా తెగేది మొదటి గంటలోనూ, చివరి రెండు గంటల్లోనూ. మధ్యలో తిండి, నిద్ర, టీవీతో ఎట్లనో గడిచిపోతుంది. కాబట్టి కొత్త వస్తువులన్నీ మొదటే బయటపెట్టొద్దు. నేను చిన్న చిన్న పొట్లాలు కట్టి పెట్టుకుంటాను, పాత న్యూస్‌పేపర్లో చుట్టి. పొట్లం విప్పడమే చిన్నోడికి పెద్ద ఆట. సగం పొట్లాలు చివరికి దాచండి.

అందులో ఏముండాలంటే, ఖరీదైనవి ఏవీ వద్దు. స్టేషనరీ షాపులో దొరికే పేపర్ టేప్ ఒక చుట్ట కొనండి. చింపి ట్రే టేబుల్ మీద అతికించడం, పీకడం. మరక పడదు, చప్పుడు రాదు, ఏడాదిన్నర పిల్లాడు దాంతో ఎంతసేపు ఉంటాడో మీరే చూస్తారు. పీకి మళ్లీ అతికించే స్టిక్కర్ల పుస్తకం పాపకు. రంగులు తీసుకుంటే గుండ్రటివి కాకుండా మూడు పలకలవి తీసుకోండి, గుండ్రటివి దొర్లి ముందు సీటు కిందకు పోతాయి, మీరు బాబును ఒళ్లో పెట్టుకుని వంగలేరు. జిప్పులు, గుండీలు ఉన్న మీ పాత పర్సు ఒకటి, లోపల రుమాలు, పాత కార్డులు వేసి చిన్నోడికి ఇవ్వండి. మోత చేసే బొమ్మలు, చిన్న చిన్న ముక్కలుండేవి వద్దు. పూసలు, గవ్వల వంటివి బాబు నోట్లో పెట్టుకుంటాడు.

గవ్వలు అంటే గుర్తొచ్చింది. అష్టాచెమ్మ ఆడించొచ్చు. రుమాలు మీద బాల్‌పెన్‌తో గళ్లు గీసుకుని తీసుకెళ్లండి. గవ్వలకు బదులు ఇద్దరూ ఒకేసారి ఒకటో రెండో వేళ్లు చూపించి కలిపి లెక్కేయండి, అన్ని గళ్లు జరపాలి. కాయలుగా స్టిక్కర్లు. మా పెద్దదానికి కూడికలు సగం ఇట్లనే వచ్చాయి.

చీకట్లో చేతి ఆటలు పనికిరావు, అప్పుడు కథలే. రాజు, ఏడుగురు కొడుకుల కథ కన్నా మీ ఇంటి కథలు బాగా పనిచేస్తాయి. నాయనమ్మ ఇంట్లో గేదె తాడు తెంపుకుని పోవడం, మీ చిన్నప్పుడు చెరువు అలుగు దూకితే చూడడానికి ఊరంతా పోవడం, వాళ్ల నాన్న పిల్లలమర్రి ఊడ పట్టుకుని ఊగి పడడం. పాప "తర్వాత?" అంటూనే ఉంటుంది, మీరు పెంచుకుంటూ పోవచ్చు. పొడుపు కథలు కూడా. "కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు తీసినా చప్పుడు కావు" అని అడిగి, కనురెప్పలు అని తెలిశాక ఆ తలుపులు మూసి ఎంతసేపు ఉండగలవో చూద్దాం అంటే ఒక్కోసారి నిజంగానే నిద్రపోతారు. అన్నిసార్లూ కాదు.

టీవీ, ట్యాబ్ చూపించడం తప్పని నేను అనుకోను. ఒక్కరే ఇద్దరిని చూసుకునే తల్లికి అది కూడా లేకుండా చేయమనడం అన్యాయం. మీరు తినేటప్పుడు, బాబును పడుకోబెట్టేటప్పుడు పాపకు ఇవ్వండి. విమానంలో ఇచ్చే హెడ్‌ఫోన్లు పిల్లల తలకు నిలవవు, చిన్న సైజువి ఇంటి నుంచే తీసుకెళ్లండి. కార్టూన్లు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. పవర్ బ్యాంక్ చేతి సంచిలోనే ఉండాలి, చెక్ఇన్ సామానులో వేయకూడదు. ఇప్పుడు కొన్ని ఎయిర్‌లైన్లు విమానంలో దాన్ని వాడనివ్వడం లేదు, ఎమిరేట్స్ 2025 అక్టోబర్ 1 నుంచి ఆపేసింది. కాబట్టి దోహాలోనే ట్యాబ్ నిండా చార్జి చేసుకోండి.

తిండి కూడా సగం ఆటే. చిన్న గళ్ల డబ్బాలో గళ్లకు ఒకటి చొప్పున పేలాలు, అటుకుల పోపు, విరిచిన సకినాలు పెట్టి ఇస్తే ఒక్కొక్కటి ఏరుకుని తింటూ కూర్చుంటారు. పాలమూరు పల్లీపట్టి అంటే నాకూ ప్రాణమే గానీ బాబుకు పల్లీలు పెట్టొద్దు, గొంతుకు అడ్డం పడతాయి. పిల్లల భోజనం టికెట్‌లో ముందే చెప్పాలి, సాధారణంగా 24 గంటల ముందు దాకా తీసుకుంటారు. వాళ్లకు ట్రే ముందు వస్తుంది, మీరు తినే వేళకు చేతులు ఖాళీగా ఉంటాయి. పండ్లు తీసుకెళ్తే దిగే ముందే తినేయండి, మిగిలినవి విమానంలో వదిలేయండి. అమెరికాలోకి పచ్చి పండ్లు తీసుకుపోనివ్వరు.

విమానం దిగడం మొదలయ్యేటప్పుడు, అంటే నేల తాకడానికి అరగంట ముందు నుంచే, బాబు చేత ఏదైనా చప్పరింపజేయండి, పాలు గానీ నీళ్లు గానీ. మింగుతుంటే చెవుల్లో ఒత్తిడి సర్దుకుంటుంది. నిద్రపోతుంటే మింగడం తగ్గుతుంది కాబట్టి మెల్లగా లేపడమే మంచిది. పాపకు చప్పరించే చాక్లెట్ ఇవ్వొచ్చు.

ఎవరైనా "జలుబు సిరప్ ఒక మూత పోయి, హాయిగా పడుకుంటారు" అని తప్పకుండా చెప్తారు. మాకూ చెప్పారు, చదువుకున్నవాళ్లే. పోయకండి. కొందరు పిల్లలకు ఆ మందుతో నిద్ర రాకపోగా ఇంకా చిర్రెక్కుతుంది. పైగా క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన జలుబు మందులు నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడొద్దని మన దేశ ఔషధ నియంత్రణ సంస్థే 2023 డిసెంబర్లో చెప్పింది. ఏ మందైనా మీ పిల్లల డాక్టర్ని అడిగాకే.

సీట్ల గురించి మీరు అడగలేదు, అయినా చెప్తాను. గోడకు ఎదురుగా ఉండే మొదటి వరుసలో బాసినెట్ అనే చిన్న ఉయ్యాల తగిలిస్తారు. దానికి బరువు పరిమితి ఉంటుంది, చాలాచోట్ల పది, పదకొండు కిలోలు. మీ బాబు దాటేసి ఉంటాడు. అయినా ఆ వరుస కోసం అడగండి, ముందు నిలబడి ఆడుకునేంత జాగా ఉంటుంది. ఇబ్బంది ఏమిటంటే ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు సంచులన్నీ పైన పెట్టేయాలి. అప్పుడు కావలసిన పాల సీసా, ఒక పొట్లం, డైపర్ ఒకటి మీ ఒళ్లోనే ఉంచుకోండి.

డాలస్‌లో దిగాక ఇమిగ్రేషన్ లైన్ ఉంటుంది, ఒక్కోరోజు చాలా పొడుగ్గా. దాని కోసం ఒక పొట్లం విప్పకుండా ఉంచండి. మొదటి వారం పిల్లలు రాత్రి రెండింటికి లేచి అన్నం అడుగుతారు. వేసవిలో పదిన్నర, చలికాలంలో పదకొండున్నర గంటల తేడా, వాళ్ల కడుపుకు అది మధ్యాహ్నం. పెట్టేయండి, పగలు ఎండలో తిప్పండి.

తిరుగు టికెట్ కూడా తీసుకున్నారా? ఆ తేదీకి బాబుకు రెండేళ్లు నిండితే ఒళ్లో కూర్చోబెట్టుకోవడం కుదరదు, వేరే సీటు కొనాలి. అది ఇప్పుడే చూసుకోండి, కౌంటర్ దగ్గర తెలిస్తే అప్పటి రేటు కట్టాల్సి వస్తుంది.