తీర్పు చీటీ మీద రాయించండి

ప్రశ్న: మా బాబు పదో తరగతి, పాప ఎనిమిది. ఆలోచింపజేసే సినిమాలు వాళ్లతో కలిసి చూడాలని నా ఆశ. కానీ సినిమా అయిపోగానే "దీన్నుంచి ఏం నేర్చుకున్నారు?" అని అడిగితే ఇద్దరూ లేచి వెళ్లిపోతారు. ఏం చూపించాలి? ఎలా మాట్లాడించాలి?
– ఒక తల్లి, ఒంగోలు

జవాబు: ముందు ఆ ప్రశ్న మానేయండమ్మా. కావలిలో ముప్పై ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పాను. ఆ మాట వినగానే పిల్లల ముఖాలు ఎలా వాడిపోతాయో నాకు తెలుసు.

1957లో వచ్చిన 'ట్వెల్వ్ యాంగ్రీ మెన్' చూపించండి. నలుపు తెలుపు సినిమా, గంటన్నర, దాదాపు అంతా ఒకే గదిలో. తండ్రిని పొడిచి చంపాడని 18 ఏళ్ల కుర్రవాడి మీద నేరం మోపారు. దోషా కాదా అన్నది 12 మంది మామూలు మనుషులు ఏకగ్రీవంగా తేల్చాలి. అలాంటి జ్యూరీ మనకూ ఒకప్పుడు ఉండేది, 1973 నేర విచారణ స్మృతితో పూర్తిగా పోయింది. పిల్లలు అడుగుతారు, చెప్పండి. మొదట 11 మంది దోషి అంటారు, ఒక్కరు కాదంటారు. సాక్ష్యాలేమిటో వాళ్లు చెప్పుకోగానే సినిమా ఆపి, తలా ఒక చీటీ మీద తీర్పు రాయించండి. మీరూ రాయండి.

మా మనవడు, మనవరాలితో ఇలాగే చూశాను. కాలీడ్చి నడిచే ఒక ముసలి సాక్షి, 15 సెకన్లలో తలుపు దగ్గరికి వచ్చి, కుర్రవాడు పారిపోవడం చూశానంటాడు. జ్యూరీలో ఒకరు గదిలో అలాగే నడిచి చూస్తే 41 సెకన్లు పట్టింది. "తాతయ్యా, ఆయన అబద్ధం ఎందుకు చెప్పాడు?" అంది మనవరాలు. జ్యూరీలోని ఒక వృద్ధుడికి అది అర్థమవుతుంది: ఆ సాక్షిది భుజం కింద చిరిగిన కోటు, జీవితమంతా ఎవరూ పట్టించుకోని మనిషి, ఒక్కసారైనా తన మాట నలుగురూ వినాలన్న ఆశ.

అప్పుడు నా సంగతి చెప్పాను. ఒకసారి తరగతిలో పరీక్ష ఫీజు డబ్బు పోయింది. వెనక బెంచీ పిల్లవాణ్ణి లేపి, అందరి ముందూ సంచీ వెతికించాను. సాక్ష్యం ఏమీ లేదు. వాడి చొక్కాకు రెండు గుండీలు లేవు, అంతే. మర్నాడు ఆ డబ్బు పోగొట్టుకున్న పిల్ల పుస్తకం అట్టలోనే దొరికింది. వాడు వారం రోజులు బడికి రాలేదు.

"తప్పయిందని వాడితో చెప్పారా తాతయ్యా?" అన్నాడు మనవడు.

చెప్పలేదన్నాను. వాడు తన చీటీ విప్పి చూసుకున్నాడు. 'దోషి' అని ఉంది. ఆ రాత్రి పదకొండు దాటినా ఇద్దరూ లేవలేదమ్మా.