ఇద్దరు ముగ్గురు పిల్లలుంటే తల్లి ఉద్యోగం మానేయాల్సిందేనా?

మానేయాల్సిందేనా అంటే, బిడ్డని చూసుకునే మనిషి ఇంట్లో ఉన్నంతవరకూ అక్కర్లేదు. మన ఇళ్లలో ఆ మనిషి మొదటి కాన్పుకి దొరుకుతుంది, రెండో కాన్పుకి దొరకదు. నేను చూసిన ఆడవాళ్లలో చాలామంది ఉద్యోగాలు ఆగిపోయింది అక్కడే.

విజయవాడలో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో పనిచేసేదాన్ని. మా పెద్దదాన్ని అమ్మే పెంచింది. పొద్దున్నే నూనె రాసి, నీళ్లు పోసి, ఉగ్గు పెట్టి పడుకోబెట్టేది. నేను క్యారేజీ పట్టుకుని బస్సెక్కేదాన్ని. రెండోవాడు, మా బాబు, ఇంకా పాకుతున్నప్పుడే డాలస్‌లో చెల్లికి నెలలు నిండాయి. అమ్మ వెళ్లాలి కదా! ఆరు నెలలు అమ్మ, ఆ తర్వాత చెల్లి అత్తగారు. అమెరికాలో పిల్లలున్న ప్రతి తెలుగింట్లో ఈ వంతులు మామూలే. చెల్లి ఉద్యోగం నిలబడింది, సంతోషమే. కానీ అమ్మ ఒక్కతే. మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు, పిల్లాణ్ని ఎత్తుకుని నడవలేరు.

ఆ నెల 20వ తేదీ. వ్యాపారులు నెలనెలా పన్ను లెక్క చూపించే జీఎస్టీ త్రీబీ రిటర్న్‌కి ఆఖరి రోజు. బాబుకి రాత్రి నుంచీ జ్వరం, ఆయన క్యాంపులో ఉన్నారు. సిరప్ పట్టించి ఆఫీసుకే తీసుకెళ్లాను. ఫైళ్ల బీరువా పక్కన దుప్పటి పరిచి పడుకోబెట్టాను. పోర్టల్ తిరుగుతూనే ఉంది. "ఓటీపీ చెప్పండి సార్" అని ఫోన్ చేస్తే, అటు క్లయింటు "పిల్లాడు ఏడుస్తున్నాడమ్మా, ముందు వాణ్ని చూసుకో" అని పెట్టేశారు. మళ్లీ దొరికేసరికి ఓటీపీ గడువు అయిపోయింది. రెండు రిటర్న్‌లు మర్నాటికి వెళ్లాయి. లేట్ ఫీ రోజుకి యాభై రూపాయలు. ఆ వారంలోనే సార్ పిలిచి "ఇంటి దగ్గర కుదురుకున్నాక రామ్మా" అన్నారు. ఉద్యోగం పోయిందని వేరే చెప్పాలా? ఆ ఏడాదే, నాతో పాటు చేరినతనికీ రెండో బిడ్డ పుట్టాడు. అతను స్వీట్లు పంచాడు, ఎప్పటిలాగే సీట్లో కూర్చున్నాడు.

2023లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న క్లాడియా గోల్డిన్ చెప్పిందీ ఇలాంటిదే. ఎప్పుడు పిలిస్తే అప్పుడు, ఎంతసేపంటే అంతసేపు ఉండగలిగినవాళ్లకే ఎక్కువ జీతమిచ్చే పనుల్లో తల్లులు వెనకబడిపోతారు. మా 20వ తేదీ అచ్చంగా అదే.

ఇప్పుడేమో ప్రభుత్వమే ఇంకా కనండి అంటోంది. ఏపీలో ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్లు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న నిబంధనని 2024లో ఎత్తేశారు. 2025లో ప్రభుత్వ ఉద్యోగినులకి ప్రసూతి సెలవు విషయంలోనూ ఇద్దరు పిల్లల పరిమితి తీసేశారు. బాగుంది. మరి ప్రైవేటులో పనిచేసేవాళ్ల సంగతేంటి? ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణతో మొదటి ఇద్దరికీ 26 వారాల సెలవిచ్చి, మూడో బిడ్డకి 12 వారాలే ఉంచారు. మా ఆఫీసులో పదిమంది కూడా లేరు కాబట్టి ఆ చట్టం మాకు వర్తించనే లేదు. నాకిచ్చింది జీతం లేని మూడు నెలలు. పోనీ అంగన్‌వాడీకి పంపుదామా అంటే, అక్కడ కూర్చోబెట్టి చదువు చెప్పేది మూడేళ్లు నిండిన పిల్లలకే. ఆలోపు వాళ్లకి ఇచ్చేది సరుకులు. తల్లుల ఉద్యోగాలు పోయేది సరిగ్గా ఆ మూడేళ్లలోనే.

ముగ్గురు నలుగురున్నా పనికెళ్లే ఆడవాళ్లు లేరా అని మీరు అనొచ్చు. ఉన్నారు. గుంటూరు జిల్లాలో మా అత్తగారి ఊళ్లో మిర్చి కోతలప్పుడు చూశాను. చంటిదాన్ని చెట్టు కింద ఉయ్యాల్లో వేసి తల్లి చేలో దిగుతుంది. ఉయ్యాల ఊపేది ఎనిమిదేళ్ల పెద్ద కూతురు. ఆ నెలల్లో అది బడికి పోదు. ఇంట్లో గడవాలి కాబట్టి తల్లి కూలి ఆగలేదు, ఆగింది ఆ పిల్ల చదువు. దీన్ని చూపించి "చదువుకున్నవాళ్లకే ఈ బాధలన్నీ" అనేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఇప్పుడు ఇంట్లో కూర్చుని కొన్ని షాపుల లెక్కలు చూస్తున్నాను. వచ్చేది పాత జీతంలో సగం కూడా లేదు. మీరు రెండో బిడ్డ గురించి ఆలోచిస్తుంటే, ఒక పని చేయండి. మీ ఆఫీసులో యాభై మంది గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే క్రెష్, అంటే పసిపిల్లల్ని చూసుకునే చోటు, పెట్టాల్సిందేనని చట్టంలో ఉంది, రోజుకి నాలుగుసార్లు వెళ్లి బిడ్డని చూసి రానివ్వాలి కూడా. ఆ క్రెష్ ఎక్కడుందో చూపించమని హెచ్‌ఆర్‌ని ముందే అడగండి, అదీ మెయిల్‌లో అడగండి.