మీటరు స్కేలును పెన్సిలు మీద నిలబెట్టకండి, దారానికి వేలాడదీయండి

తొమ్మిదో తరగతికి బల భ్రామకం, అంటే ఆధారం చుట్టూ బలం చూపే తిప్పే ప్రభావం, చెప్పడానికి పెన్సిలు మీద మీటరు స్కేలు ఉంచి, రెండు వైపులా నాణేలు పేర్చితే ఎంతకూ నిలవడం లేదని మీరు అడిగారు. హనుమకొండ దగ్గరి ఒక పల్లె బడిలో నేను పాఠం చెప్పిన తొలి సంవత్సరం నాకూ ఇదే అనుభవమైంది. లోపం మీ చేతిలో లేదు, అమరికలో ఉంది. స్కేలుకూ నాణేలకూ కలిపి గరిమనాభి, అంటే మొత్తం బరువు పనిచేసే బిందువు, ఆధార బిందువుకు పైన ఉంటుంది కనుక, వెంట్రుకవాసి వాలినా ఆ వాలు పెరుగుతుందే తప్ప తగ్గదు. అదే స్కేలును దారపు ఉచ్చుతో కిటికీ చువ్వకు వేలాడదీసి, సైకిలు దుకాణంలో దొరికే ఒకే కొలత ఇనుప నట్లను దాని కింద దారాలతో కడితే, గరిమనాభి ఆధారానికి దిగువకు వస్తుంది. కాస్త ఊగినా స్కేలు తిరిగి కుదురుకుంటుంది.

బరువును ఆధారం నుంచి దాని దూరంతో గుణిస్తే రెండు వైపులా సమానం కావాలన్న సూత్రం బోర్డు మీద ముందే రాయకండి. కావడిలో ముందు కుండ నిండుగా, వెనక కుండ సగమే ఉంటే, మోసే మనిషి భుజాన్ని ఎటు జరుపుకుంటాడని అడగండి. నిండు కుండ వైపని మా పిల్లలు తడుముకోకుండా చెప్పారు.

ఖాళీ స్కేలు 50 దగ్గరే నిలవాలని పట్టుబట్టవద్దు. మా స్కేలు 100 వైపు కొన రెండు సెంటీమీటర్లు విరిగి ఉండడంతో 49 దగ్గర నిలిచేది. 34 దగ్గర రెండు నట్లు, 79 దగ్గర ఒకటి కట్టగానే అది అడ్డంగా నిలిచింది. కానీ ఒక అమ్మాయి 2×34=68, 1×79=79 అని రాసుకుని, "లెక్క తప్పింది సార్" అన్నది. స్కేలు మీది అంకెనే దూరమనుకోవడం దాదాపు అందరూ చేసే పొరపాటే. నిజానికి ఆధారం నుంచి కొలిస్తే 2×15, 1×30, రెండూ 30 అవుతాయి. రెండు వైపులా సమాన బరువులు సమాన దూరాల్లో కడితే ఈ పొరపాటు బయటపడదు కాబట్టి, అసమాన బరువులతోనే మొదలుపెట్టడం మేలని నా అభిప్రాయం.

మరునాడు స్కేలు బరువు కనుక్కోవడానికి నట్లు తీసేసి దారాన్ని 39కి జరిపాము. 17 దగ్గర 50 గ్రాముల తూకపురాయి కట్టగానే స్కేలు నిలిచింది. స్కేలు బరువు 49 దగ్గర పనిచేస్తుందనుకుంటే, 50×22ను 10తో భాగించగా 110 గ్రాములు వచ్చింది. పిల్లలు నమ్మలేదు, స్కేలును కిరాణా దుకాణానికి పట్టుకుపోయి, ఎలక్ట్రానిక్ కాంటా మీద 112 చూసి వచ్చారు. ఆ రెండు గ్రాములు ఎక్కడ పోయాయని మిగిలిన పీరియడంతా నన్ను వదల్లేదు.