పాత క్లారినెట్‌కు బ్యారెల్ కోయించే ముందు

హనుమకొండ

బిడ్డా,

నీ ఉత్తరం అందింది, ఫొటోలూ చూశాను. వాయిద్యం మంచిదే కొన్నావు. కానీ కీబోర్డుతో కలిపి ఊదితే శృతి తగ్గుతోందని, శృతి పెంచడానికి బ్యారెల్‌ను, అంటే నోట్లో పెట్టే మౌత్‌పీస్‌కూ వేళ్లు ఆడే పై ముక్కకూ (పై జాయింట్) మధ్య ఉండే పొట్టి గొట్టాన్ని, లేత్ మిషన్ మీద రెండు మిల్లీమీటర్లు కోయిస్తానని రాశావు. ఆ పని మాత్రం ఇప్పుడే చేయకు. కోసిన కట్టె మళ్లీ పెరగదు.

నేను ఒకసారి కోయించాను కాబట్టే ఇంత గట్టిగా చెప్తున్నాను. పరకాల దగ్గర ఒక పెళ్లి. జనవరి నెల. బరాత్ బయల్దేరేసరికి అర్ధరాత్రి దాటింది. చలికి నా వాయిద్యం శృతి దిగిపోయి కీబోర్డుతో అసలు కలవలేదు. మర్నాడే 66 మిల్లీమీటర్ల బ్యారెల్‌ను 63కి కోయించాను. మే నెల వచ్చింది, ఎండకు వాయిద్యం వేడెక్కి శృతి పైకి పోయింది. బ్యారెల్‌ను ఎంత బయటికి లాగినా మధ్య స్వరాలు నిలవలేదు. లాగినచోట లోపల వెడల్పాటి ఖాళీ ఏర్పడి ఆ స్వరాలనే పాడుచేస్తుంది. ఆ సీజనంతా నాకు టెన్షనే. తప్పు బ్యారెల్‌ది కాదు, చల్లటి వాయిద్యాన్ని చూసి నిర్ణయం తీసుకున్న నాది.

అందుకే ముందు పది నిమిషాలు మెల్లగా ఊది వెచ్చబడనివ్వు. తర్వాత ఫోన్‌లో ట్యూనర్ పెట్టి రెండు స్వరాలు చూడు. ఒకటి వేళ్లన్నీ తీసేసి ఊదేది, రెండోది రంధ్రాలన్నీ మూసి ఊదే అడుగు స్వరం. మొదటిదానికి లోపలి గాలి పొడవు సుమారు 25 సెంటీమీటర్లే, రెండోదానికి 58 దాకా ఉంటుంది. బ్యారెల్‌లో ఒక మిల్లీమీటరు మారితే మొదటి స్వరం దాదాపు ఏడు సెంట్లు కదులుతుంది, అడుగు స్వరం మూడే. అర స్వరానికి వంద సెంట్లని నీకు తెలుసు కదా. వేళ్లు తీసిన స్వరమూ దాని పైనున్న రెండు మూడు స్వరాలూ బాగా దిగి, అడుగు స్వరం అందులో సగమే దిగితే బ్యారెల్ పొడవును అనుమానించు. అడుగు స్వరాలే దిగి పైవి సరిగా ఉంటే బ్యారెల్ జోలికే పోకు. రంధ్రాలు మూసే ప్యాడ్లు తగినంత లేస్తున్నాయో లేదో చూడు. మౌత్‌పీస్ కూడా ఒకసారి మార్చి ఊది చూడాలి, లోపలి గది పెద్దదైతే అది కూడా శృతిని దింపుతుంది.

ఇంతకీ ఆ బ్యారెల్ ఆ వాయిద్యానిదేనా? ఫొటోలో దాని రింగు రంగు మిగతా రింగులతో కలవడం లేదు. పై జాయింట్, కింది జాయింట్ల మీద సీరియల్ నంబరు ఒకటే ఉందా చూడు. బఫే, సెల్మర్ లాంటి ఫ్రెంచ్ వాయిద్యాల్లో ఆ రెండింటి మీదే నంబరు ఉంటుంది. బ్యారెల్ మీద, చివర గరాటులా ఉండే బెల్ మీద సాధారణంగా కంపెనీ ముద్ర మాత్రమే. అంటే ముద్ర కలిసినంత మాత్రాన జత కలిసినట్టు కాదు.

పొడవు కన్నా నాకు బోరు, అంటే లోపలి రంధ్రం వెడల్పు గురించే ఎక్కువ భయం. 1955లో వచ్చిన బఫే ఆర్-13 బోరు 14.6 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. ఇంగ్లండులో చేసిన బూసీ అండ్ హాక్స్ 1010 బోరు 15.2. పొడవులు సరిగ్గా సరిపోయినా ఆ 1010 బ్యారెల్ ఆర్-13కి పెడితే, అడుగు స్వరానికీ అవే వేళ్లతో పై స్వరాలకు ఎక్కించే రిజిస్టర్ కీ నొక్కితే వచ్చే స్వరానికీ పొత్తు కుదరదు. మౌత్‌పీస్ తీసేసి, బ్యారెల్‌ను పై జాయింట్‌కు బిగించి వెలుతురుకు ఎదురుగా పట్టి చూడు. కలిసినచోట మెట్టులా కనిపిస్తే ఆ జత సరైంది కాదు. కాలిపర్ దొరికితే బ్యారెల్ బోరును రెండు వైపులా కొలిచి రాసి పెట్టు. చాలా బ్యారెల్స్ పైన కాస్త వెడల్పుగా, కింద ఇరుకుగా ఉంటాయి. చివర కోస్తే ఆ వాలు చెడుతుంది. పైగా సాకెట్ (జాయింటు దూరే గుంట) లోతు తగ్గి, జాయింటు ముందే అడుగు తాకి ఆగిపోతుంది. అప్పుడు లోపల కూడా తొలచాల్సి వస్తుంది. నా బ్యారెల్‌కు అదే జరిగింది, దాన్ని మళ్లీ వాడలేకపోయాను.

ఇంకొకటి. బాడీ మీద ఇంగ్లిష్‌లో హెచ్.పి. అనే అక్షరాలు ఉన్నాయేమో వెతుకు. ఉంటే అది పాత ఎక్కువ శృతికి, అంటే ఇంగ్లిష్‌లో ‘A’ అనే స్వరం సెకనుకు 452 కంపనాల దగ్గర ఉండేలా చేసిన పొట్టి వాయిద్యం. దానికి పొడుగు బ్యారెల్ వేసినా ఇప్పటి 440కి అన్ని స్వరాలూ రావు, రంధ్రాల మధ్య దూరమే వేరు. నీది తగ్గుతోందంటున్నావు కాబట్టి అది కాదనే నా నమ్మకం, అయినా చూడు.

ఆదివారం కాజీపేట వచ్చేటప్పుడు వాయిద్యం, మౌత్‌పీస్, రాసిపెట్టిన కొలతలు అన్నీ తీసుకురా. నా దగ్గర 64, 65 బ్యారెల్స్ ఉన్నాయి, రెండూ బిగించి ఊది చూద్దాం. అప్పటిదాకా దాన్ని బండి డిక్కీలో, ఎండలో పెట్టకు. ఊదిన ప్రతిసారీ బ్యారెల్, పై జాయింట్ లోపల తుడువు. నోటి తడి ఎక్కువగా దిగేది ఆ రెండు చోట్లే, పగుళ్లు ఎక్కువగా వచ్చేదీ అక్కడే.

మీ పెద్దబాపు